పూటకూటి యింటి పెద్దమ్మలు

తెలుగు జానపద కథలలో రాజకుమారుడు దేశాటనమునకు బయలుదేరి, అడవులును కొండలును గడచి, ఎన్నడును చూడని యొక పట్టణపు పొలిమేర చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకుచుండును. అట్టి వేళ అతనికి కాళ్ళకు నీళ్ళిచ్చి, కడుపునిండ అన్నము పెట్టి, అరుగుమీద చాప పరచి, ఆ పట్టణపు రాజెట్టివాడో, మంత్రి యెవరి మాట వినువాడో, రాకుమార్తెకు వచ్చిన ఆపద యేమియో పూసగ్రుచ్చినట్లు చెప్పునది పేదరాశి పెద్దమ్మ. ఆమెకు భర్త లేడు, కొడుకులు లేరు, పొలము లేదు, చుట్టములు వచ్చి పలుకరించిన జాడయు లేదు. ఉన్నది ఒక పాతయిల్లు, ఒక పొయ్యి, ఒక అరుగు. అయినను కోటలో జరిగినది మరునాటికి ఆమె చెవిని పడుచుండును; కావలివాడును, సంతకు వచ్చిన బేహారియు, అంతఃపురమునకు పూలు పంపు స్త్రీయు ఏదో యొక పూట ఆమె వాకిట కూర్చుండక తప్పదు గదా!

కథకులు ఈమెను శూన్యమునుండి కల్పించిరని నేను నమ్మజాలను. తెలుగుదేశమున పట్టణమున్నచోటనెల్ల, బాటసారుల మజిలీ యున్నచోటనెల్ల, వయసు మళ్ళి, ఆధారము తప్పి, వచ్చిన పరదేశికి పూటకింత యని వండిపెట్టి తన కాలము తాను గడపుకొనిన స్త్రీ యుండెను. ఆమెను పూటకూళ్ళమ్మ యనిరి. రాజుల చరిత్రలును కవుల చరిత్రలును శ్రద్ధతో వ్రాసికొనిన మనము, ఆ రాజుల భటులకును ఆ కవుల శిష్యులకును అన్నము వడ్డించిన ఈ స్త్రీల చరిత్రను వ్రాసికొనలేదు. ఆ లోపము నన్ను చిరకాలముగా బాధించుచున్నది.

పూటకూటి యిల్లు మనకు క్రొత్తది కాదు. కాకతీయుల నాటి ఓరుగల్లును కన్నులకు కట్టించు క్రీడాభిరామమున, గోవింద మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఒక దినమంతయు నగరవీథులలో తిరుగుచు, ఆకలి వేళకు పూటకూటి యింటి ప్రస్తావన తెత్తురు. లక్ష్మణవజ్ఝల యనునాతని యింట ఒక్క రూకకు లభించు భోజనమును కవి యెంత మక్కువతో చెప్పెనో! కమ్మని వరియన్నము, గోధుమపిండి వంటకము, పంచదార, అప్పుడు కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు. ఇవన్నియు ఒక్క రూకకు! ఆ యింటికి పేరు మాత్రము పురుషునిది. తెల్లవారక మున్నే లేచి ఆ పప్పు నుడికించిన చేయి యెవరిదో, ఆ నెయ్యి కాచిన దెవరో కావ్యము చెప్పదు. గృహస్థుని పేర యిల్లు నడుచుచుండ, ఆయన తల్లియో, పిన్నతల్లియో, పుట్టింటికి మరలివచ్చిన అప్పగారో వంటయింట నుండియుందురని నే నూహింతును. ఇట్టి యిండ్లు నడచిన తీరు ఎరిగినవారికి ఈ యూహ అసంగతముగా తోచదు.

అన్నము నమ్ముకొనుట పాపమని మన పెద్దలు తలచిరి. అన్నము పెట్టుట పుణ్యము; పెట్టి రూక పుచ్చుకొనుట అన్నవిక్రయము. ఈ భావన పూటకూళ్ళమ్మ తలమీద తరతరములుగా భారమై కూర్చుండెను. పాండ్యుల మధురలోని శైవకథ యొకటి ఇచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. వైగై నది పొంగి గట్టు తెగగా, ఇంటికొక పాలు చొప్పున గట్టు వేయవలసినదని రాజాజ్ఞ యయ్యెను. పిట్టు వండి యమ్ముకొని జీవించు ముసలమ్మ యొకతెకు తన పాలు వేయుటకు మనుష్యులు లేరైరి. అప్పుడు సాక్షాత్తు పరమశివుడే కూలివాడై వచ్చి, పిట్టును కూలిగా పుచ్చుకొని, ఆమె వంతు మట్టి మోసెను. పని సరిగా చేయలేదని రాజు బెత్తముతో కొట్టగా ఆ దెబ్బ సర్వప్రాణులకును తగిలెను. అమ్ముకొను అన్నమును దేవుడు కూలిగా గ్రహించెనని చెప్పిన ఆ కథకుని హృదయము ఎంత విశాలమైనది! శాస్త్రము వేయలేని తీర్పును కథ వేసినది.

వృద్ధ స్త్రీలు ఈ వృత్తికి ఏల వచ్చిరి? దీనికి కారణము పొయ్యిలో గాక, ఆస్తి హక్కులలో వెదుకవలెను. ఉమ్మడి కుటుంబమున భర్త చనిపోయిన స్త్రీకి, కొడుకులు లేకున్నచో, మెట్టినింట నిలువనీడయు కట్టుబట్టయు కూడును మాత్రమే హక్కు. దానిని మనోవర్తి యనిరి. బావలును మరదులును ఇచ్చినంత, ఇచ్చినప్పుడు. ఇవ్వనిచో న్యాయస్థానమునకు పోవలెను. పోవుటకు మగతోడు కావలెను. తోడు వచ్చువాడు సాధారణముగా ఆ యింటివాడే. అంతేగాక ఆమె నడత మీద అపవాదు రుజువైనచో ఆ మనోవర్తియు పోవును. 1856లో వితంతు వివాహమును చట్టసమ్మతము చేసిన శాసనమే, మారుమనువాడిన స్త్రీ పూర్వభర్త ఆస్తిపై హక్కు కోల్పోవునని విధించినది. 1937లో హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టము వచ్చి, భర్త భాగమున జీవితకాలానుభవమును ఇచ్చినది. 1956 నాటి వారసత్వ చట్టముతో గాని అది సంపూర్ణమైన స్వామ్యము కాలేదు. కనుక 1937కు ముందటి దీర్ఘకాలమున ఏబది యేండ్లు దాటి, ఎవరి పంచనో ఒదిగియుండలేని స్త్రీకి తెలిసిన విద్య వంట. దొరకిన పెట్టుబడి నాలుగు కుంచముల బియ్యము, రెండు ఇత్తడి గుండిగలు.

ఇందు మరియొక క్రూరమైన మెలిక యున్నది. ఆచారపరులైన బ్రాహ్మణులు తలవెంట్రుకలున్న వితంతువు చేతి వంట ముట్టెడివారు కారు. శిరోముండనము చేయించుకొని ముసుగు వేసికొనినచో ఆమె మడి నిష్కళంకము, ఆమె చేతి అన్నము పితృకార్యములకును పనికివచ్చెడిది. ఏ అవమానము ఆమెను శుభకార్యములకు దూరము చేసినదో, ఏ రూపము ఎదురైనచో ప్రయాణము మానుకొందురో, ఆ రూపమే ఆమె వంటకు యోగ్యతాపత్రమైనది. వాకిట ఎదురుపడినచో అపశకునము; వంటయింట నున్నచో పవిత్రము. ఒకే మనిషిని గుమ్మమునకు ఈవల నొకతీరున, ఆవల నొకతీరున చూచిన ఈ లోకరీతి తలపునకు వచ్చినప్పుడెల్ల నా మనస్సు కలుక్కుమనును.

వంట యనగానే మనము రుచిని తలతుము. చేసినవారికి అది శ్రమ. తెల్లవారుజామున నూతియొద్ద చన్నీళ్ళు తలమీదుగా పోసికొని, ముందునాడు ఎవరికిని అంటకుండ దండెము మీద ఆరవేసిన మడిబట్టను కర్రతో తీసి కట్టి, పొయ్యి రాజవేయుటతో ఆ దినము మొదలగును. వానకాలమున కట్టెలు అంటుకొనవు. గొట్టముతో ఊది యూది కండ్లు మండును. ఆ పొగ యేండ్ల తరబడి పట్టిన కండ్లకు చూపు తగ్గును. ఎసరు మరుగగానే కడిగిన బియ్యము పోసి, మెతుకు పట్టిచూచి, పలుకు లేదనుకొనిన క్షణమున గుండిగ దింపవలెను. ఇరువదిమందికి సరిపడు అన్నపు గుండిగ! మసిగుడ్డతో రెండువైపుల అంచులు పట్టి, మూతిమీద సిబ్బిరేకు అదిమి, మోకాలు ఆనించి మెల్లగా ఒరగించినచో తెల్లని గంజి ధారగా జారును. చేయి వణకెనా, వేడిగంజి పాదములమీద పడును. గంజిలో కొంత బట్టలకు, మిగిలినది ఆవు కుడితిలోనికి. రాచ్చిప్పలో పులుసు ఒకవైపు కుతకుతలాడుచుండగా, రెండవ పొయ్యిమీద పప్పు మెదుపవలెను, కందకు పసుపు రాచి చెక్కు తీయవలెను, కూరకు ఆవ నూరవలెను. వేసవిలో ఏడాదికి సరిపడు మాగాయయు ఆవకాయయు పెట్టి జాడీల మూతులకు వాసెనలు కట్టవలెను. నేతిగిన్నెలోని గరిటె చిన్నదైనచో తినువారు సణుగుదురు. పెద్దదైనచో నెల తిరుగకమున్నే కోమటి బాకీ పెరుగును. లాభమంతయు ఆ గరిటె పరిమాణములోనే యున్నదని చెప్పినచో అతిశయోక్తి కాదు.

ఇంతమందికి ఇన్ని వండిన ఆ తల్లి తాను తినునది దినమున కొక్కపూట, అదియు అందరును లేచిపోయిన పిదప. రాత్రి అటుకులో, ఉప్పుడుపిండియో. ఏకాదశినాడు అదియు లేదు. అయినను ఆనాడును పొయ్యి వెలుగవలసినదే, ఇతరుల విస్తళ్ళలో నెయ్యి ఒలుకవలసినదే. ఉపవాసముననుండి పులుసులో ఉప్పు సరిపోయినదో లేదో రుచి చూడకయే, వాసన బట్టి చెప్పగలిగిన నేర్పు అట్టివారికి అలవడెను.

పందొమ్మిదవ శతాబ్దిని ఈ వృత్తికి మంచికాలమని చెప్పవచ్చును. కంపెనీవారి న్యాయస్థానములు వెలసిన పట్టణములకు పల్లెలనుండి వ్యాజ్యగాండ్రు వచ్చి, వాయిదా మీద వాయిదా పడుచుండగా దినములు గడపవలసివచ్చెను. పిదప విద్యాలయములు వచ్చినవి. మచిలీపట్టణమున 1843లో నోబుల్ పాఠశాల, రాజమహేంద్రవరమున 1853లో ప్రభుత్వ పాఠశాల, విజయనగరమున 1879 నాటికి మహారాజావారి కళాశాల. ఒక్కొక్క విద్యాలయము చుట్టును పల్లెటూరి బాలురు పదులకొలది చేరిరి. వారిలో కలిగినవారు నెలకింతయని పూటకూళ్ళకు కుదురుకొనిరి. లేనివారు వారములు చేసికొనిరి. సోమవారము ఒకరింట, మంగళవారము మరొకరింట, ఇట్లు ఏడిండ్ల అన్నముతో చదువు పూర్తిచేసినవారు మన పెద్దలలో కొల్లలు. ఏడింటిలో ఒక యిల్లు ఏ కారణముననో తప్పిపోయినప్పుడు, ఆ పూట పస్తుండవలసిన పిల్లవానిని పిలిచి డబ్బడుగక వడ్డించినది తరచుగా పూటకూళ్ళమ్మయే. చదువురాని ఆమెకు లెక్క గోడమీది బొగ్గుగీతలు. ఆ గీతలలో కొన్ని ఎన్నటికిని చెరుపబడవని తెలిసియు ఆమె గీయుచునే యుండెడిది.

కష్టములు చెప్పి సుఖములు చెప్పకుండుట అన్యాయము. ఈ స్త్రీల జీవితమున సంతోషము కలదు, అదియు కొంచెము కాదు. పదునారేండ్ల వితంతువు వీథియరుగుమీద కూర్చున్నచో లోకము సహింపదు. అరువదియేండ్ల ముసలమ్మ కూర్చుండి, వచ్చినవానిని ఏ యూరు నాయనా, ఎవరి అబ్బాయివి అని నిలదీసి యడుగవచ్చును. వార్ధక్యము ఆమెకు మాటనిచ్చెను. జీవితమున మొదటిసారి బొడ్డున తాళపుచెవులు ఆమెవి. చేతిలోని అణాకాసులు ఆమెవి. ఈపూట వంకాయయా బచ్చలియా యని నిర్ణయించునది ఆమె. అత్తగారు లేదు, ఆడుబిడ్డ లేదు, విస్తరిముందు అలుగు మగడు లేడు. జ్వరము వచ్చిన విద్యార్థికి శొంఠి కషాయము కాచి, తగవులాడుకొనిన ఇరువురిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టి, రాత్రి దీపమువద్ద ఎవరిచేతనో భారతము చదివించుకొని వినుచు, ఆమె గడపిన సాయంకాలములు పెద్ద లోగిళ్ళలోని అత్తగార్లకును దొరకనివి. ఎవరో యొకడు ప్లీడరై, మునసబై, తిరిగివచ్చి మామ్మగారూ యని పాదములంటినప్పుడు ఆమె పొందిన గర్వము కన్నతల్లి గర్వమునకు తీసిపోదు. కూడబెట్టిన కాసులతో, ఎవరి దయాధర్మములును లేకుండ, కాశీకి పోయి గంగలో మునుగుట ఆమె కడపటి కోరిక. అది తన రెక్కల కష్టముతో తీర్చుకొనగల వృద్ధస్త్రీలు ఆనాడు ఎందరుండిరి?

కాని ఆమె యింటికి పరపురుషులు వత్తురు. పరపురుషులు వచ్చు నింటిని గూర్చి లోకము ఊరకుండదు. నడత మీద నింద రుజువైనచో మనోవర్తి పోవునని పైన చెప్పితిని. కనుక ఈ నిందలు ఊసుపోక పుట్టినవే యనుకొనరాదు. వానివలన లాభపడు దాయాదులుండిరి. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్క నాటకము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో నూతనరూపము దాల్చినది. అందులోని పూటకూళ్ళమ్మను ప్రేక్షకులు గిరీశము వలలో చిక్కిన స్త్రీగను, వేశ్య మధురవాణి యింటికి చీపురుకట్టతో వచ్చిన గయ్యాళిగను చూచి నవ్విరి, నేటికిని నవ్వుచున్నారు. ఆమె అన్నము తినినవాడే సరుకులు తెత్తునని ఆమె డబ్బు పట్టుకొనిపోయి మరియొకచోట వెచ్చించెనన్న సంగతి ఆ నవ్వులో మరుగుపడును. ఆ మహానాటకమున పెక్కుమందికి పేర్లున్నవి. ఆమెకు వృత్తి పేరే పేరు. గురజాడవారు లోకమును ఉన్నదున్నట్లు చూపిరని నే నెరుగుదును. లోకము ఆమె పేరడుగలేదు; ఆయన వ్రాయలేదు.

వంట యనునది ఆనాడు ఎంత బలమైన ఆయుధమో తెలియుటకు ఒక్క సంఘటన చాలును. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించినప్పుడు, వంటవారును నీళ్ళవారును రాక మానుకొనిరి. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరినుండి నీళ్ళు మోసి, వచ్చినవారికి వండిపెట్టిరి. సంఘసంస్కరణము ఉపన్యాసములతో జరిగినదని తలచువారు ఆ బిందెలను గూడ లెక్కింపవలెను.

అన్నము పెట్టినవారందరును పేరు లేక పోలేదు. మండపేటలో 1841లో పుట్టి, కోనసీమయందలి లంకల గన్నవరమున డొక్కా జోగన్నగారి యింట కాపురమునకు వచ్చిన సీతమ్మగారు, గోదావరి పాయలు దాటి ఆకలిగొని వచ్చువారికి వేళాపాళ లేక, కులభేదము చూడక వడ్డించి, 1909లో కన్నుమూయువరకు ఆ వ్రతము విడువలేదు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి ఉత్సవమునకు ఆహ్వానము రాగా ఆమె పోనొల్లలేదనియు, కనీసము ఛాయాచిత్రమునైన పంపుడని దొరలు బ్రతిమాలిరనియు ఆ సీమవారు చెప్పుకొందురు. నేడు గన్నవరమువద్ద వైనతేయ పాయ మీది క్రొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టిరి. ఆమెను అపర అన్నపూర్ణ యనుట అక్షరాల తగును. ఆమెముందు నేనును శిరసు వంచుదును. అయితే సీతమ్మగారికి వెనుక పొలములుండెను, భర్త అండ యుండెను, అందుచేత ఆమె దానము చేయగలిగెను. పూటకూళ్ళమ్మకు అవి లేవు, అందుచేత అమ్మవలసివచ్చెను. రెండు పొయ్యిల పొగయు ఒక్కటే, రెండు గుండిగల బరువును ఒక్కటే. దాతకు దక్కిన గౌరవములో పదవ వంతైనను, తన తిండి తాను సంపాదించుకొనుచు పదిమందికి పెట్టిన ఈమెకు దక్కియుండవలసినది.

1893లో బెజవాడవద్ద కృష్ణ మీదను, 1900లో రాజమహేంద్రవరమువద్ద గోదావరి మీదను రైలువంతెనలు తెరువబడిన పిదప ప్రయాణముల స్వరూపమే మారినది. మూడు మజిలీల దూరము ఒక పూటలో గడచుచుండ, మజిలీలోని ముసలమ్మతో పనియేమి? స్టేషనుల ప్రక్కను, బజారు కూడళ్ళలోను కాఫీహోటళ్ళు వెలసినవి. ఉడిపివారు వచ్చిరి, బల్లలు, కుర్చీలు, గోడమీద ధరల పలక, ముందు గల్లాపెట్టె, దానివెనుక యజమాని వచ్చిరి. ఆ యజమాని పురుషుడు. అమ్మకము పాపమన్న మాట ఎవరికిని జ్ఞప్తికి రాలేదు. పెట్టుబడి పెరిగి, చేతులు మారగానే అన్నవిక్రయము వ్యాపారమైనది. పెద్దమ్మ ఏమైనది? కొన్నిచోట్ల మెస్సు అను క్రొత్తపేరుతో కళాశాలల సమీపమున మరికొన్నాళ్ళు నిలిచినది. మిగిలినచోట్ల హోటలు వెనుక పెరటిలో పప్పు రుబ్బుచు, కూరలు తరుగుచు, దినకూలికి కూర్చున్నది. బొడ్డునున్న తాళపుచెవులు గల్లాపెట్టెకు చేరినవి.

ఈ వృత్తి తండ్రినుండి కొడుకునకు వచ్చినది కాదు. చేయి వణకి గుండిగ ఒరగింపలేని దినము వచ్చినప్పుడు, ఆమె ఏ దూరపుబంధువునో, తనవలెనే దిక్కులేని మరియొక స్త్రీనో చేరదీసి, ఎసరు కొలతయు, బాకీదారుల జాబితాయు, నోటిమాటగా అప్పగించెడిది. దస్తావేజు లేదు, వీలునామా లేదు. అందుచేతనే దీనికి వంశవృక్షము లేదు, శాసనము లేదు. ఉన్నదెల్ల కావ్యములోని యొక పద్యము, నాటకములోని యొక పాత్ర, కథలోని యొక పెద్దమ్మ.

పొయ్యి మాత్రము ఆరలేదు. 2003 జనవరి నుండి ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్నమున వండి వడ్డించు భారమును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రధానముగ డ్వాక్రా సంఘముల స్త్రీలకు అప్పగించినది. వారిలో నెరసిన తలలు అనేకము. ఉదయముననే పప్పు కడిగి, గ్రుడ్లు ఉడుకబెట్టి, బడిగంట కొట్టువేళకు పళ్ళెములముందు గరిటెతో నిలుచు ఆ స్త్రీలకు నెలకు 1,000 రూపాయలుగా నుండిన గౌరవవేతనము 2019లో 3,000 రూపాయలైనది. 2024లో ఆ పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. పిల్లలు మాత్రము వండిపెట్టుచున్న ఆమెను, ఏ యూరి బడిలోనైనను, అవ్వా అనియో పెద్దమ్మా అనియో పిలిచి, మారు వడ్డింపుమని పళ్ళెము చాపుచున్నారు.